సందేహించు గుమాస్తాకు అభయమీయవలెను

గుంటూరు మిర్చి యార్డులో జనవరి మొదలు వేసవి వరకు వచ్చి దిగు ఎఱ్ఱని మిర్చి బస్తాల, అనగా టిక్కీల, నడుమ నిలుచున్నవానికి, ఆ సరకు విలువ యంతయు కమిషన్ కొట్టు వెనుకగదిలోని యొక పాత కంప్యూటరునందును, దాని ప్రక్కన చార్జింగునకు తగిలించియుంచిన యొక ఫోనునందును ఇమిడియున్నదని తోచుట కష్టము. కాటా పడినంతనే తక్‌పట్టీ, అనగా అమ్మకపు లెక్కచీటీ, కంప్యూటరులో తయారగును. రైతునకు రావలసిన సొమ్ము బ్యాంకు ఖాతాకు పోవును. దూరప్రాంతపు కొనుగోలుదారు పంపు సొమ్ము ఆ త్రోవనే వచ్చును. లారీ కదలుటకు ఇ-వే బిల్లు కావలెను, లెక్క తేలుటకు జీఎస్టీ రిటర్ను కావలెను, హమాలీ కూలి సైతము యూపీఐ మార్గముననే చేతులు మారును. యూపీఐ 2016లోను, జీఎస్టీ 2017 జులై 1నను వచ్చినవి. తరతరములుగా చిట్టా, ఆవర్జాల మీద నడచిన వ్యాపారము ఇంత స్వల్పకాలములో తెరమీదికెక్కుట మన చిన్న వర్తకుల చాకచక్యమునకు నిదర్శనమే. బెజవాడ ఆటోనగరులో విడిభాగములమ్మువాడును, హైదరాబాదు బేగంబజారులోని టోకు వ్యాపారియు, సిరిసిల్లలో మరమగ్గముల ఆసామియు ఈ మార్పును ఎవ్వరును నేర్పకయే నేర్చుకొనిరి.

కాని సొమ్ము నడచు త్రోవ మారినంత వేగముగా సొమ్మును కాచు పద్ధతి మారలేదు. ఆ వెనుకగదిలోనికి ఒక్కసారి తొంగిచూచినచో ఈ మాట యథార్థమని తెలియును. కంప్యూటరు తెర యంచున అంటించిన పసుపుపచ్చని కాగితపు ముక్కమీద పాస్‌వర్డ్ వ్రాసియుండును. అది కొట్టు పేరును, దాని చివర 123 అను అంకెలును కలిపి కూర్చినది. బ్యాంకునకు, ఈమెయిలుకు, జీఎస్టీకి, ఇ-వే బిల్లునకు అన్నిటికిని అదియే. దానిని యజమాని, ఆయన కుమారుడు, ఇద్దరు గుమాస్తాలు, ఆడిటరుగారి కార్యాలయములోని యొక కుఱ్ఱవాడు, క్రిందటి యేడు పని మాని వేఱొక కొట్టులో చేరిన మఱియొక గుమాస్తా, ఇందఱెఱుగుదురు. కొట్టు వాట్సాప్ ఆ కంప్యూటరులో రాత్రింబవళ్ళు తెరచియే యుండును. భోజనమునకు పోవునప్పుడు తెరకు తాళము వేయు అలవాటు ఎవ్వరికిని లేదు. గదిలోనికి టీ తెచ్చు పిల్లవాడైనను కుర్చీలో కూర్చుండిన యెడల కొట్టు లావాదేవీలన్నియు చదువవచ్చును.

ఈ స్థితికి మందేమని యడిగినచో, ఒక మంచి యాంటీవైరస్ కొనవలెనని కొందఱును, కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవానినొకని నియమింపవలెనని కొందఱును చెప్పుదురు. అవి నిష్ప్రయోజనములని నేననను. ఐనను ఈ ఆపదకు మూలము యంత్రములో కంటె మనుష్యులు ఒకరితోనొకరు మెలగు తీరులో నున్నదనియు, చిన్న వ్యాపార సంస్థను కాపాడవలసిన మొదటి యలవాటు అందలి మిక్కిలి చిన్న యుద్యోగికి "ఒక్క నిమిషం, అడిగి చెబుతాను" అనుటకు నిర్భయమైన యవకాశము కల్పించుటయే ననియు నా నిశ్చితాభిప్రాయము.

సాయంకాలము నాలుగున్నర గంటల వేళ, బ్యాంకు పని ముగియవచ్చినదన్న తొందర కొట్టంతటను ఆవరించియుండగా, గుమాస్తా ఫోనునకు ఒక వాట్సాప్ సందేశము వచ్చుననుకొందము. పైన యజమాని ఫొటో కనబడుచున్నది; ఆయన కుటుంబముతో తిరుమలలో తీయించుకొని తన ప్రొఫైలులో పెట్టుకొన్నదే. నంబరు మాత్రము క్రొత్తది. "పాత ఫోను పాడైంది, ఇది కొత్త నంబరు. మీటింగులో ఉన్నా, ఫోన్ చెయ్యొద్దు. ఈ ఖాతాకి 4,80,000 వెంటనే వెయ్యి, లేకపోతే సరుకు ఆగిపోతుంది. బిల్లు తర్వాత పంపిస్తా." ఈ నాలుగు ముక్కలలో నొక్కటియు తలవని తలంపుగా వ్రాసినది కాదు. మొదటి మాట యజమాని పాత నంబరును గుమాస్తా మనస్సునుండి తొలగించును. రెండవది విచారించు మార్గమును మూసివేయును. మూడవది ఆలోచించుటకు వ్యవధి లేకుండ జేయును. నాలుగవది సాక్ష్యమును రేపటికి వాయిదా వేయును. ఆ మొత్తము సైతము ఆ కొట్టులో ప్రతిదినమును పోవు బిల్లుల స్థాయిలోనిదే. యజమాని ఆనాడు ఊరిలో లేడన్న సంగతి ఆయన పెట్టిన వాట్సాప్ స్టేటసే దొంగకు తెలిపియుండును.

ఇప్పుడు గుమాస్తా ఏమి చేయును? పదునేను సంవత్సరములు ఆ కొట్టులో అతడు సంపాదించుకొన్న మంచిపేరంతయు చెప్పినది చెప్పినట్లు, మారుమాటాడక, వెంటనే చేయుటవలన వచ్చినదే. యజమాని మీటింగులో నున్నప్పుడు ఫోను చేసి చీవాట్లు తినిన యనుభవము కూడ అతనికి లేకపోలేదు. కనుక సొమ్ము పంపును. దొంగ ఇచ్చట ఏ తాళమును పగులగొట్టలేదు. ఒక నమ్మకస్తుని విధేయతనే ద్వారముగా జేసికొని లోపలికి వచ్చినాడు. ఆ దినమున ఆ మనిషి చేసినది తప్పని యెవరైన ననినచో నాకు బాధ కలుగును. ఏలయన అతడు అంతకుముందు వేయిమార్లు అట్లే చేసి మెప్పు పొందినవాడు.

ఇది చిన్న కొట్టులకే కలుగు కష్టమని యెవ్వరును భావింపకుందురు గాక. 2022 సెప్టెంబరులో పుణె నగరమందలి సీరం ఇన్‌స్టిట్యూటులో, సంస్థ ముఖ్యాధికారి పేరును ఫొటోను ధరించి వచ్చిన వాట్సాప్ సందేశములను నమ్మి, కోటి రూపాయలకు మించిన సొమ్మును మోసగాండ్రు చెప్పిన ఖాతాలకు పంపిరి. ప్రపంచమునకు టీకాలు సరఫరా చేసిన సంస్థకే అట్లైనది. అంతకుముందు 2015లో, హజీరా నుండి సౌదీ ఆరాంకోకు పంపిన నాఫ్తా తాలూకు రావలసిన సుమారు 197 కోట్ల రూపాయలు ఓఎన్‌జీసీకి చేరక దొంగల ఖాతాలో పడినవి. మెయిలు చిరునామాలో 'ఎన్', 'జీ' అను రెండు ఆంగ్లాక్షరములు ముందువెనుకలైనవి, అంతకంటె భేదము లేదు. ఇక సాంకేతిక విద్యకు రాజధానులని చెప్పదగిన గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలు సైతము, తమకు యంత్రసామగ్రి సరఫరా చేయు తైవాను కంపెనీ పేరుతో లిథువేనియా దేశస్థుడొకడు పంపిన దొంగ ఇన్‌వాయిసులను నమ్మి, 2013 నుండి 2015 వఱకు 12 కోట్ల డాలర్లకు పైగా చెల్లించినవి. అతనికి 2019లో న్యూయార్కు న్యాయస్థానము అయిదేండ్ల శిక్ష విధించినది. ఆ రెండు సంస్థలలోను యంత్రములకు గాని, నిపుణులకు గాని కొదువలేదు. బిల్లు వచ్చినది, చెల్లించిరి. బిల్లు పంపినవాని నెవరును విచారింపలేదు.

ఒకరి సందేహము ఎంత సొమ్మును కాపాడగలదో తెలిసికొనుటకు బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకులో 2016 ఫిబ్రవరిలో జరిగిన దోపిడిని పరిశీలింపవలెను. దొంగలు ఆ బ్యాంకు కంప్యూటర్లలో ప్రవేశించి, న్యూయార్కులోనున్న దాని నిధులను తరలింపుడని బ్యాంకు పేరనే ఆజ్ఞలు పంపిరి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరి మాయమైనవి. శ్రీలంకలోని యొక సంస్థ పేర పోవలసిన 2 కోట్ల డాలర్లు మాత్రము నడుమ నాగినవి. ఆ సంస్థ పేరులోని 'ఫౌండేషన్' అను మాటకు స్పెల్లింగు తప్పుగా నుండుట గమనించి, దారిలోనున్న మఱియొక బ్యాంకువారు ఇదేమని యడుగుటయే దానికి కారణము. ఆజ్ఞ సక్రమమార్గముననే వచ్చినది, దానిపై నుండవలసిన సంకేతములన్నియు నున్నవి. అయినను ఒకచోట నొకరికి అనుమానము కలిగినది, అడిగినను తమకు ముప్పు లేదన్న ధైర్యమును ఉన్నది. మన గుంటూరు గుమాస్తాకు నేను కోరుచున్నది ఆ ధైర్యమే.

అది ఉపన్యాసములవలన రాదు. ఒక నియమమువలన వచ్చును. క్రొత్త ఖాతాకుగాని, మారిన ఖాతాకుగాని సొమ్ము పంపుమని ఎవరు చెప్పినను, యజమాని చెప్పినను, యజమాని భార్య చెప్పినను, కొట్టు పుస్తకములో ముందునుండి వ్రాసియున్న నంబరునకు మనమే ఫోను చేసి, ఆ మనిషితో మాటాడి, ఖాతా సంఖ్య చివరి నాలుగు అంకెలు ఆయన నోట విన్న పిమ్మటగాని ఒక్క రూపాయియు పంపరాదు. ఇందు 'మనమే' అను మాట ముఖ్యము. ఎదుటివాడు చేసిన ఫోనులో యజమాని గొంతుక వినబడినంతమాత్రమున నమ్మరాదు. కొద్దిసేపటి రికార్డింగు దొరికినచో మనుష్యుల గొంతుకను అనుకరించు సాధనములు నేడు ఎవరికైనను అందుబాటులోనున్నవి. సందేశములోనే యిచ్చిన నంబరునకు ఫోను చేయుటయు వ్యర్థము. అది దొంగ యింటికే పోవును. ఆ నంబరుల పుస్తకము కాగితముమీద నుండుట మేలు, ఫోను పోయినను, కంప్యూటరు చెడినను అది నిలిచియుండును. ఆపైన ముందు ఒక్క రూపాయి పంపి చేరినదని రూఢి చేసికొని మిగిలినది పంపుట మన వర్తకులలో చాలమందికి ఇప్పటికే యున్న మంచి యలవాటు. ఆర్టీజీఎస్, నెఫ్ట్ పద్ధతులలో సొమ్ము పంపుటకు మునుపే గ్రహీత పేరు తెరపై చూపు సదుపాయమును 2025 ఏప్రిల్ 1 లోగా కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పేరు చదువక మీటనొత్తుట ఇకమీదట క్షమింపరాని తొందరపాటు.

అయితే ఈ నియమము గోడమీద వ్రాసి యంటించినంతనే నిలుచునది కాదు. నిలుచునదియు కూలునదియు తొలిసారి దానిని పాటించిన దినముననే తేలును. యజమాని బంధువుల పెండ్లిలో పంక్తి భోజనమున కూర్చుండియుండగా గుమాస్తా ఫోను చేసి, "బాబుగారూ, మీరు పంపమన్న ఖాతా నంబరు ఒక్కసారి చెప్పండి" అని యడుగును. అప్పుడాయన "మెసేజి పెట్టానుగా, చదవడం రాదా?" అని కసరినచో ఆ నియమము ఆ క్షణముననే చచ్చిపోవును, మఱునాటినుండి ఆ గుమాస్తాయేగాక, ఆ మాట చెవినబడిన తక్కినవారును అడుగుట మానుదురు. అట్లుగాక విస్తరిముందునుండియే "మంచిపని చేశావు, రాసుకో" అని నంబరు చదివి చెప్పినచో, ఆ ఒక్క మాట వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేరు చేయజాలని మేలు చేయును. అందుచేత ఈ విషయమున మొదట శిక్షణ పొందవలసినవాడు యజమానియే. తన ఆజ్ఞను తన నౌకరు తిరిగి అడుగుట తన గౌరవమునకు లోపము కాదని యాయన మనస్ఫూర్తిగా నమ్మవలెను. నమ్మి, నలుగురియెదుట చెప్పవలెను.

ఓటీపీ సంగతి దీనికి దగ్గఱగా నున్నదే. ఓటీపీ ఎవరికిని చెప్పరాదని బ్యాంకులు, ప్రభుత్వము, సినిమాహాళ్ళలోని ప్రకటనలు ఎంతకాలమునుండియో ఘోషించుచున్నవి. ఐనను మన చిన్న వ్యాపారి దినమునకు నాలుగుమార్లు ఓటీపీ ఫోనులో చదివి చెప్పుచునేయున్నాడు. జీఎస్టీ రిటర్ను వేయు తేదీ వచ్చినచో ఆడిటరు కార్యాలయమునుండి కుఱ్ఱవాడు ఫోను చేసి "సార్, ఓటీపీ వచ్చింటుంది చూడండి" అనును. ఇ-వే బిల్లు తీయుచు గుమాస్తా అడుగును. బ్యాంకు పని చూచు కుమారుడు అడుగును. ఈయన బండి నడుపుచునో, బేరమాడుచునో ఆరంకెలును చెప్పివేయును. ఏ పనికి వచ్చిన అంకెలో చదువుటకు సైతము తీరిక యుండదు. ఇట్లు సంవత్సరముల తరబడి అలవాటుపడిన చెవికి, ఒకనాడు దొంగ ఆ గొంతుకతోనే, ఆ మర్యాదతోనే అడిగినచో భేదమెట్లు తెలియును? ఆ దొంగ పంట కోసికొనుటకు పొలము దున్ని సిద్ధము చేసినవారము మనమే.

దీనికి ఉపాయములు లేకపోలేదు, వాడువారే అరుదు. ఇ-వే బిల్లు వ్యవస్థలో ఒక్కొక్క గుమాస్తాకు వేఱువేఱుగా ఉపఖాతా తెరువవచ్చును. అందఱికిని రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి యైన 2025 ఏప్రిల్ 1 తరువాతనైనను ఎవరి ఖాతా వారికి, ఎవరి ఓటీపీ వారి ఫోనునకు వచ్చునట్లు ఏర్పఱచుకొనుట వివేకము. కరెంటు ఖాతాలకు పెక్కు బ్యాంకులు ఒకరు నమోదు చేయగా మఱియొకరు ఆమోదించు పద్ధతిని ఇచ్చుచున్నవి; గుమాస్తా తన పేర ప్రవేశించి చెల్లింపు వ్రాసిపెట్టును, యజమాని ఎక్కడనున్నను తన ఫోనులో గ్రహీత పేరు, మొత్తము చూచి తన చేతితో ఆమోదించును. అంకెలు ఒకరికొకరు చదివి చెప్పుకొనవలసిన యగత్యమే యుండదు. దీనికొక దరఖాస్తు పూరింపవలెను, రెండుమూడుమార్లు బ్యాంకునకు తిరుగవలెను. మన వర్తకుడు లైసెన్సులకై ఇంతకంటె నెక్కువయే తిరుగుచున్నాడు.

పాస్‌వర్డుల విషయమున జనులలో పాతుకొనిపోయిన యొక యపోహను ముందుగా తొలగింపవలెను. అమెరికా ప్రమాణముల సంస్థ మునుపు చేసిన సూచనలననుసరించి, పాస్‌వర్డులో చిత్రవిచిత్రములైన గుర్తులుండవలెననియు, దానిని తఱచు మార్చుచుండవలెననియు లోకమంతట ప్రచారమైనది. ఫలితముగా జనులు గుర్తుంచుకొనలేక కాగితములమీద వ్రాసికొనుటయు, చివర 1 తీసి 2 పెట్టుటయు నేర్చిరి. ఆ సంస్థయే 2017లో తన సూచనలను సవరించి, గడువు పెట్టి మార్పించుట తగదనియు, గుర్తుల కంటె పొడవు ముఖ్యమనియు చెప్పినది. వేపకొమ్మ, ఇడ్లీపాత్ర, నల్లగొడుగు, రైలుగేటు అను నాలుగు సంబంధములేని మాటలను ఆంగ్లలిపిలో కలిపి వ్రాసినచో గుమాస్తాకు జీవితాంతము గుర్తుండును, ఊహించి పట్టుట యంత్రమునకు సైతము దుస్సాధ్యము. ఒక్కొక్కచోట ఒక్కొక్కటి యుండవలెను. ముఖ్యముగా ఈమెయిలు పాస్‌వర్డు మఱెచ్చటను ఉండరాదు, ఏలయన తక్కిన ఖాతాల పాస్‌వర్డులన్నిటిని మార్చుకొను దారి ఈమెయిలు గుండనే పోవును. గుమాస్తా పని మానిన దినమున, అతనిపై ననుమానముతో గాక అతనికి రేపెవరును నింద మోపకుండుటకై, అతడెఱిగిన పాస్‌వర్డులన్నియు సాయంకాలమునకు మార్చివేయవలెను; కొట్టు వాట్సాప్ ఏయే కంప్యూటర్లలో తెరచియున్నదో ఫోనులో 'లింక్డ్ డివైసెస్' అనుచోట చూచి, తెలియనివానిని తీసివేయవలెను.

యంత్రముల మాట క్లుప్తముగా చెప్పెదను. 2017 మే 12న 'వన్నాక్రై' అను వైరస్ సుమారు 150 దేశములలో కంప్యూటర్లకు తాళము వేసి సొమ్మడిగినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు అందు చిక్కినవి. ఆ రంధ్రమును పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్టువారు మార్చి 14ననే యిచ్చియుండిరి. రెండు నెలలు దానిని వేసికొననివారే మిక్కుటముగా నష్టపడిరి. తెరపై వచ్చు అప్‌డేటు సూచనను 'రేపు' అని నొక్కుచు పోవు అలవాటును మానవలెననుటకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు. విండోస్ 10 వాడుకదారులకు మామూలుగా అప్‌డేట్లిచ్చుట 2025 అక్టోబరు 14తో ముగిసినదని కూడ యెఱుగవలెను. తాళము విఱిచిన దొంగ సాఫ్ట్‌వేరును లెక్కల కంప్యూటరులో వేయించుట మన బజార్లలో సర్వసాధారణమైనది. ఆ తాళము విఱిచినవాడు దానితోపాటు ఏమి చేర్చినాడో ఎవ్వరెఱుగుదురు? ఇక వాట్సాప్‌లో పెండ్లిపిలుపు రూపమునను, ట్రాఫిక్ చలానా రూపమునను వచ్చు ఏపీకే ఫైళ్ళు ఫోనునకు వచ్చు ఎస్సెమ్మెస్సులను దొంగిలించునట్టివి. కొట్టు సొమ్ము నడచు ఫోనులో ఏ శుభలేఖయు తెరువరాదు. ఆ ఫోను పిల్లల యాటలకీయరాదు.

లెక్కల నకలు గుఱించి మాత్రము ఇంకొక మాట చెప్పక విడువలేను. "మేము రోజూ బ్యాకప్ తీస్తాం" అని చాలమంది గర్వముగా చెప్పుదురు. చూడబోయిన ఆ హార్డ్‌డిస్కు కంప్యూటరునకు ఎల్లవేళల తగిలించియే యుండును. తాళము వేయు వైరస్ వచ్చినదినమున దానిని దీనిని కలిపి తాళము వేయును. నకలు తీసిన వెంటనే ఊడదీసి, ఇంటికి పట్టుకొనిపోవలెను. మూడు నెలలకొకసారి వేఱొక కంప్యూటరులో ఆ నకలును తెరచి, క్రిందటి నెలలోని యొక రైతు ఖాతా తెరపై కనబడుచున్నదో లేదో చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదని చెప్పుటకు ఆధారమే లేదు.

అంగడి ముంగిట జరుగు మఱియొక మోసమును వర్తకులు తగినంతగా గుర్తించినట్లు కనబడదు. అపరిచితుడొకడు వచ్చి, "అర్జంటుగా నగదు కావాలి, మీకు ఇరవై వేలు ఫోన్‌పే చేస్తాను, నోట్లు ఇవ్వండి" అని బతిమాలును. పైన నూఱో, అయిదువందలో ఇచ్చెదననును. సొమ్ము వచ్చినట్లు సౌండ్‌బాక్సు చెప్పును, వ్యాపారి నోట్లిచ్చును. ఆ సొమ్ము మఱెచ్చటనో యొక వృద్ధుని మోసగించి కాజేసినదని కొన్నాళ్ళకు తేలును. పొరుగు రాష్ట్రపు పోలీసుల లేఖతో వ్యాపారి ఖాతా స్తంభించును. సరకుల చెల్లింపులాగును, జీతములాగును, తప్పు చేయనివాడు తన నిర్దోషిత్వమును ఋజువు చేసికొనుటకు ఊరూరు తిరుగవలసి వచ్చును. అమ్మకము లేనిచోట యూపీఐ తీసికొని నగదీయరాదన్న కట్టుబాటు ప్రతి కౌంటరు మీదను ఉండవలెను. కమిషన్‌కు ఆశపడి తన ఖాతాను ఇతరుల సొమ్ము దాటించుటకు అద్దెకిచ్చు యువకులకు ఆ పని నేరమని యజమానులు ముందే చెప్పియుంచుట ధర్మము.

ఇన్ని జాగ్రత్తల తరువాతను మోసము జరుగవచ్చును. అప్పుడు గంటలు గాదు, నిమిషములు లెక్కకు వచ్చును. సైబరు మోసమును తెలుపుటకు 1930 అను నంబరు దేశమంతటికిని ఒక్కటే. దానికి ఫోను చేసి లావాదేవీ వివరములు చెప్పినచో, సొమ్ము ఏ ఖాతానుండి ఏ ఖాతాకు పోయినదో ఆయా బ్యాంకులకు వర్తమానము పోయి, ఇంకను బయటకు తీయని సొమ్మును నిలుపుచేయుదురు. 2021లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన వ్యవస్థ యిది. దొంగలు సొమ్మును ఖాతానుండి ఖాతాకు దాటించుచు ముక్కలు చేయుదురు గావున, ఎంత త్వరగా చెప్పిన అంత మిగులును. తమ బ్యాంకునకును వెంటనే వ్రాతమూలకముగా తెలుపవలెను. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండ మూడవవానివలన జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునికి నష్టబాధ్యత లేదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6నాటి ఉత్తరువులో చెప్పినది. తానే ఓటీపీ చెప్పియుండినను, తెలియజేసిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదేనని యందున్నది. సందేశములు తుడిచివేయరాదు, అవియే సాక్ష్యము.

మఱి జరుగుచున్నదేమి? గుమాస్తాకు తన పొరపాటు పది నిమిషములలోనే తెలిసిపోవును. కాని ఆ మాట బయటపెట్టుటకు రెండు దినములు పట్టును. మొదటిదినము ఆ సొమ్మును ఎట్లైన తిరిగి రాబట్టవలెనని దొంగకే ఫోనులు చేయును, రెండవదినము అప్పు పుట్టునేమోయని బంధువులనడుగును, రాత్రి నిద్రపోడు. జీతములో కోసెదరు, కొట్టునుండి వెళ్ళగొట్టెదరు, దొంగతో కలిసినాడన్న యపవాదు మీదపడునన్న భయమే అతని నోరు నొక్కినది. ఆ రెండుదినములలో సొమ్ము చేయి దాటిపోవును. మోసపోయిన నౌకరు జీతమునుండి ఆ నష్టమును నెలనెల కోయు యజమానులున్నారని విన్నప్పుడు నాకు కోపమును దుఃఖమును కలిసి వచ్చినవి. అది న్యాయము కాదు, లాభము కూడ కాదు. ఒకని జీతము కోసినచో తక్కిన వారందఱును తమ పొరపాట్లను దాచుట నేర్చుకొందురు. తప్పు జరిగిన వెంటనే చెప్పినవానికి శిక్ష లేదు, దాచినవానికే మందలింపు అని యజమాని ముందుగా మాటయిచ్చి, ఇచ్చిన మాట నిలుపుకొనవలెను.

"మాది నమ్మకంమీద నడిచే వ్యాపారం, ఒకరినొకరు ఇలా అనుమానించుకుంటే కొట్టు ఏం సాగుతుంది?" అని పెద్దవర్తకులు అనుట నేనెఱుగుదును. వారి మాటను నేను తేలికగా త్రోసివేయను; ఆ నమ్మకము మన బజార్ల సొత్తు. కాని వారి తండ్రుల కాలమున ప్రతిరాత్రియు దీపము పెట్టి, రొక్కము లెక్కించి, చిట్టాతో సరిచూచి, కన్నకొడుకు కూర్చున్న గల్లాయైనను పైసతో సహా తేలినపిమ్మటగాని తలుపు వేయలేదు గదా! ఆ లెక్క కొడుకుమీది యనుమానముచే పుట్టినది కాదు. కొడుకుమీద మచ్చ పడకుండుటకై పుట్టినది. ఖాతా సంఖ్యను తిరిగి యడుగు గుమాస్తా చేయుచున్నదియు ఆ పనియే. "మేం చిన్నవాళ్ళం, మాజోలికెవరొస్తారు?" అనువారికి మాత్రము నా సమాధానము వేఱు: దొంగ ఒక్కొక్క కొట్టును వెదకి రాడు, ఒక్కటే సందేశమును వేలమందికి పంపి, బదులు చెప్పినవానిని పట్టుకొనును. అక్కడ చిన్నపెద్దలు లేవు.

ఇందు వ్యక్తులు చేయవలసినది కొంత, సంఘములు చేయవలసినది కొంత కలదు. మిర్చి వ్యాపారుల సంఘములు, ఛాంబర్ ఆఫ్ కామర్స్ శాఖలు, కిరాణా మర్చంట్ల సంఘములు ఏటేట సమావేశములు జరిపి మార్కెట్ సెస్సును గుఱించియు, హమాలీ రేట్లను గుఱించియు తీర్మానములు చేయుచున్నవి. ఆ సభలలో ఒక పూట గుమాస్తాలను కూడ పిలిపించి కూర్చుండబెట్టి, పోలీసు సైబర్ విభాగమువారిచే పైన చెప్పిన సందేశములవంటివి తెరమీద చూపించి మాటాడింపవలెను. యజమానులు అదే గదిలో నుండవలెను. ఆడిటర్లు ఫోనులో ఓటీపీ యడుగుట మానెదమని తమలో తాము కట్టుబాటు చేసికొనవలెను, వారు మానినచో ఊరిలో సగము చెడ్డ యలవాటు మానును. బ్యాంకులు, నమోదు ఒకరు ఆమోదము ఒకరు చేయు సదుపాయమును పెద్ద కంపెనీలకు మాత్రమే చూపక, కరెంటు ఖాతా తెరచు ప్రతి చిన్న వర్తకునికిని తెలుగులో అచ్చువేసిన దరఖాస్తుతో, అదనపు రుసుము లేకుండ, ఖాతా తెరచిన దినముననే ఈయవలెను. అడిగినవారికే గాక, అడుగుట తెలియనివారికి కూడ.